టీ రంగు గుడ్లు

ఆ సందులో అందరూ ఆమెని మిషనక్క అంటారు. ప్యాంట్ల అంచులు మడిచి కుట్టడం, జిప్పులు మార్చడం, బడిపిల్లల యూనిఫారాలు, దిండు గలీబులు, ఇదీ ఆమె పని. మూడంతస్తుల ఇంట్లో పై వాటా. కిటికీ పక్కన కుట్టుమిషను, దానికెదురుగా మంచం, మంచం మీద అత్త. తలుపు తీస్తే నాలుగు మెట్లు, ఎక్కితే డాబా. డాబా మీద ఓ మూల చెక్కపెట్టెలతో కట్టిన కోళ్ళగూడు. ఇంత ఇరుకు సంసారంలో రహస్యం దాచడానికి చోటెక్కడిదని మీరు అడగొచ్చు. దాచింది మహాతల్లి. దాచి, తన గొయ్యి తనే తవ్వుకుంది.

కోళ్ళు నాలుగు. నల్లది, ఎర్రది, బొల్లిది, మెడబోసిది. అన్నీ పెట్టలే. పుంజు లేదు కాబట్టి తెల్లవారుజామున ఎవరి నిద్రా చెడేది కాదు. గుడ్డు పెట్టినప్పుడు మాత్రం ఏదో రాజ్యం గెలిచినట్టు కాసేపు అరిచి ఊరుకునేవి.

కోళ్ళు పెంచాలన్న సరదా మిషనక్కకి ఏనాడూ లేదు. ఆ సరదా అత్తది. ఒకప్పుడు అత్తకి పెద్ద కోళ్ళ మందే ఉండేది. కొడుకు లారీ డ్రైవరు. ఇంట్లో ఉన్న రోజులు తక్కువ, రోడ్డు మీద ఉన్న రోజులు ఎక్కువ. కొత్తగా కాపురానికొచ్చిన కోడలు కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చోవడం అత్త నాలుగు రోజులు చూసింది. ఐదో రోజున మందనంతా అమ్మేసి, తిన్నగా వెళ్ళి కుట్టుమిషను కొనుక్కొచ్చింది. "మొగుడి కోసం ఎదురుచూడటం పని కాదే అమ్మాయ్. చేతిలో పని పెట్టుకుని ఎదురుచూడు" అంది. మిషనక్కకి ఆ పేరు పెట్టింది సందులోవాళ్ళే గానీ, ఇచ్చింది మాత్రం అత్త కోళ్ళు.

అలాంటి అత్తకి మతి తప్పడం మొదలైంది. ముందు తాళంచెవులు మరిచిపోయింది, తర్వాత పేర్లు, ఆ తర్వాత కోడల్ని. "మా ఇంటికి పోతాను" అని బయలుదేరేది. ఇది ఇల్లే కదా అంటే నవ్వేది, నన్ను వెర్రిదాన్ని చేస్తున్నావా అన్నట్టు. ఒకసారి పొద్దున వెళ్ళిన మనిషి సాయంత్రానికి బస్సుల డిపోలో దొరికింది. ఆగి ఉన్న ఖాళీ బస్సులో, కిటికీ పక్కన, బస్సు ఎప్పుడు కదులుతుందా అని చూస్తూ కూర్చుంది. ఇంకోసారి స్టవ్ తిప్పి వెలిగించడం మరిచిపోయింది. అప్పుడు వాళ్ళుంటున్న ఇంటి చుట్టుపక్కలవాళ్ళు హడలిపోయారు. మా ప్రాణాల మీదికి వస్తుందన్నారు. ఇల్లు ఖాళీ చేయించారు. చేయించేలోపు మిషనక్క గది తలుపుకి తాళం వేసి పనికి కూర్చునేది. అత్త లోపల్నుంచి తలుపు బాదేది, అరచేతులు వాచేదాకా. ఆ చప్పుడు వింటూ, కన్నీళ్ళు బట్టల మీద పడకుండా తుడుచుకుంటూ, ఆమె ఎవరివో ప్యాంట్లు పొట్టి చేసింది.

ఈ ఇంటికి వచ్చాక ఒక ఒట్టు పెట్టుకుంది. అత్త సంగతి ఇక్కడ ఒక్కరికి కూడా తెలియనివ్వకూడదు. ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు కదా, ఆ సామెత ఆమె మెళ్ళో తాయెత్తులా కట్టుకుంది.

ఆ రోజుల్లోనే మొగుడు లారీ దిగుతూ సంచీలో నాలుగు కోడిపిల్లల్ని తెచ్చాడు. దారిలో ఎవరో ఇచ్చారట. "మనకే తల దాచుకోవడం గగనంగా ఉంటే మధ్యలో ఇవెందుకు?" అని మిషనక్క కసురుకుంది. కానీ అత్త అప్పటికే సంచీ ముందు చతికిలబడింది. ఒక్కో పిల్లని తీసి, రెక్కల కింద చూసి, కాళ్ళు చూసి, నేల మీద వదిలింది. ఆ సాయంత్రం ఇంటికి పోతానని అనలేదు. మర్నాడు అంది. పాత అలవాటు కొద్దీ మిషనక్క గుండె గుభేల్మంది. ఏం చెప్పాలో తోచక నోటికొచ్చింది అనేసింది. "కోళ్ళు ఇంకా గూటికి చేరలేదు కదత్తా, ఎలా పోతావు?"

అత్త ఆలోచించింది. "అవును కదా" అంది.

కోళ్ళు గూటికి చేరాక మళ్ళీ లేచింది. "పొద్దున్నే వాటిని ఎవరు వదులుతారు?" అంది కోడలు. "అదీ నిజమే" అంటూ అత్త మంచమెక్కి పడుకుంది.

అంతే. ఏ డాక్టరూ ఇవ్వలేని మందు అది. అత్త అన్నీ మరిచిపోయింది గానీ, కోళ్ళున్న మనిషి ఇల్లు వదిలి పోకూడదన్న సంగతి మాత్రం మరిచిపోలేదు. పొద్దున గూటి తలుపు తీయడం, సాయంత్రం లెక్క చూసుకుని వేయడం, ఈ రెండు పనుల మధ్య ఆమె రోజు గడిచిపోయేది. ఇంటికి తాళం అవసరం లేకుండా పోయింది. మిషనక్క ప్రాణం ఆ నాలుగు కోళ్ళ కాళ్ళకి కట్టి ఉందని ఇంకెవరికీ తెలియదు.

ఇంటి యజమాని వేరే పేటలో ఉంటాడు. "కోళ్ళు పెట్టుకుంటే పెట్టుకో. ఏ వాటాలోవాళ్ళు ఫిర్యాదు చేసినా ఆ వారమే దింపేయాలి. నాకు తగువులు వద్దు" అని ముందే చెప్పాడు. ఉన్నవి ఇంకో రెండు వాటాలు. కింద డ్రిల్లు మాస్టారు, ఒంటి మనిషి, బడిలో పిల్లల చేత కసరత్తులు చేయించి రిటైరయ్యాడు. మధ్యలో బ్యాంకు క్యాషియరు, భార్య, ఇద్దరు పిల్లలు. వీళ్ళని మంచి చేసుకోవడానికి మిషనక్క ఎంచుకున్న మార్గం గుడ్లు. రోజూ పొద్దున్నే అత్త చిన్న గిన్నెలో గుడ్లు పెట్టుకుని మెట్లు దిగేది. "బాగున్నారా? ఇవిగో గుడ్లు, ఇంకా వేడిగా ఉన్నాయి" అనేది. మెట్ల మీద ఆ నాలుగు మాటలకి మతిమరుపు అడ్డం రాదు. చూసినవాళ్ళంతా, ముసలావిడకి ఎంత ఓపిక, ఎంత మర్యాద అనుకునేవాళ్ళు.

డ్రిల్లు మాస్టారు గుడ్డుని గ్లాసులో కొట్టుకుని పచ్చిదే తాగేస్తాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. నాటుగుడ్డు వల్లే నా మోకాళ్ళు ఇంకా పనిచేస్తున్నాయని కనిపించినవాళ్ళందరికీ ఉపన్యాసం ఇచ్చేవాడు. క్యాషియరు భార్యది కాస్త వెటకారం మనిషి. అత్త కోళ్ళ గురించి చెప్పడం మొదలుపెడితే, "మీ కోడీ, మీ కుంపటీ లేకపోతే మాకెవరికీ తెల్లారదులెండి పెద్దమ్మా" అని నవ్వేది. నవ్వుతూనే గుడ్లు అందుకునేది. అలా మూడు వాటాలూ చల్లగా ఉన్నాయి.

చలికాలం ముందు కోళ్ళు ఈకలు రాల్చడం మొదలుపెట్టాయి. కోళ్ళకి ఇది మామూలే. పాతవి రాలి కొత్తవి వచ్చేదాకా అవి గుడ్లు పెట్టవు. ఉన్న బలమంతా ఈకలకే పోతుంది. ఆ సంగతి అత్తకి తెలుసు, మిషనక్కకీ తెలుసు. పక్కవాళ్ళకి తెలియదు. గుడ్లు ఆగిపోయింది ఆ వారమే, గాలికి ఈకలు ఎగిరి క్యాషియరు భార్య ఆరేసిన తడిబట్టలకి అంటుకున్నదీ ఆ వారమే. ఇచ్చే చేయి ఆగినప్పుడే పుచ్చుకునేవాళ్ళ ముక్కులకి వాసన తెలుస్తుంది. "అక్కా, డాబా కొంచెం కంపు కొడుతున్నట్టుంది" అంది ఆమె ఒక రోజు. "మా అబ్బాయి తెల్లచొక్కా చూడు, కోడి తొడుక్కున్నట్టుంది" అంది ఇంకో రోజు.

మిషనక్కకి చెమటలు పట్టాయి. ఇంకో మాట అంటే అది యజమాని చెవికి చేరుతుంది. అప్పుడు ఆమె చేయాల్సింది ఒక్కటే. కిందికి దిగి, "ఈకలు రాల్చే కాలం, కొన్నాళ్ళు ఓర్చుకోండి, మా అత్త పరిస్థితి ఇదీ" అని చెప్పడం. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. ఈవిడ నోరు మూసుకుని కొట్టుకి వెళ్ళి గుడ్లు కొనుక్కొచ్చింది.

కొట్టు గుడ్లు తెల్లవి. తమ కోళ్ళవి గోధుమరంగువి. టీ డికాషన్ కాచి, చల్లార్చి, గుడ్లు అందులో ఊరబెట్టింది. కొంచెం రంగు పట్టింది. వాటి మీద గూట్లోని చెత్త రాసి, గడ్డిపోచ ఒకటి అంటించి, అత్త చూడకుండా గూట్లో పెట్టింది. పొద్దున అత్త వాటిని తీసి, చేత్తో పట్టుకుని, "చల్లగా ఉన్నాయేమిటే?" అంది. "పెట్ట లేచి చాలాసేపయింది అత్తా" అంది కోడలు. అత్త వాటిని కాసేపు చంకలో పెట్టుకుని వెచ్చచేసి, అప్పుడు గిన్నెలో వేసుకుని కిందికి దిగింది. ఆ దృశ్యం చూసి మిషనక్క నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు.

అలా కొన్ని రోజులు గడిచాయి. డ్రిల్లు మాస్టారు కొట్టు గుడ్డు తాగి మూతి తుడుచుకుని, "నాటుగుడ్డు నాటుగుడ్డే" అనేవాడు.

ఒకరోజు బడి యూనిఫారాలు మధ్యాహ్నానికి ఇవ్వాలి. డికాషన్ చల్లారే దాకా ఆగే తీరిక లేదు. పైగా వేడిమీదైతే రంగు బాగా పడుతుందనిపించింది. మరుగుతున్న డికాషన్లోనే గుడ్లు వేసింది. ఇంతలో అత్త డాబా మీంచి పిలిచింది, నల్లది కనిపించడం లేదని. అది గూడు వెనకాలే ఉంది. వెదికి చూపించి కిందికి వచ్చేసరికి గుడ్లు చక్కటి రంగుకి వచ్చాయి. అబ్బ, అసలు వాటికంటే బాగున్నాయనుకుంది పిచ్చితల్లి.

మర్నాడు పొద్దున మెట్ల కింద నుంచి డ్రిల్లు మాస్టారి గొంతు వినిపించింది. మైదానం ఆ చివర నిలబడ్డ పిల్లాడికి కూడా వినపడే గొంతు అది. "అమ్మాయ్, ఒకసారి దిగి రా."

దిగింది. ఆయన చేతిలో గ్లాసు. గ్లాసులో సగం గట్టిపడి, సగం జారుతూ ఒక గుడ్డు.

"నాకు తెలియక అడుగుతాను. మీ కోళ్ళు ఉడకబెట్టిన గుడ్లు పెడతాయా?"

మిషనక్క దొంగకి తేలు కుట్టినట్టు నిలబడింది. మధ్య వాటా గుమ్మంలో ఉన్న క్యాషియరు భార్య ముందు పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి లోపలికి వెళ్ళింది. తన వాటా గుడ్డు తెచ్చి, తడిగుడ్డతో గట్టిగా తుడిచింది. గుడ్డకి టీ రంగు అంటింది. గుడ్డు తెల్లబడింది. మిషనక్క మొహమూ అంతే.

"గుడ్లు లేవంటే మేమేమన్నా కొడతామా అక్కా?" అంది క్యాషియరు భార్య. గొంతులో వెటకారం లేదు, అదే మిషనక్కని భయపెట్టింది. "ఈకలకి ఊరుకున్నాను. కంపుకి ఊరుకున్నాను. ముసలావిడ ముచ్చటలే అనుకున్నాను. నాటుగుడ్లని పిల్లలకి చెప్పి మరీ పెట్టాను. మమ్మల్ని ఇంత వెర్రివాళ్ళని చేస్తావా?"

"కోడిగుడ్డుకి ఈకలు పీకడం నాకిష్టం లేదు. కానీ అబద్ధం అబద్ధమే" అన్నాడు డ్రిల్లు మాస్టారు. ఇన్నాళ్ళూ కొట్టు గుడ్డుని పొగిడిన సిగ్గు ఆయన కోపంలో సగం.

అప్పుడైనా చెప్పొచ్చు. మాట గొంతుదాకా వచ్చింది కూడా. పాత ఇంట్లో గుమిగూడిన మొహాలు గుర్తొచ్చి మాట మింగేసింది. "తప్పయిపోయింది" అని మాత్రం అని పైకి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నమే, ఫిర్యాదు వచ్చిందని యజమాని ఫోన్ చేశాడు. ఆదివారం కల్లా కోళ్ళు దిగాలి, లేకపోతే మీరే దిగాలి.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో మిషనక్కకి ఆ వారంలో తెలిసింది. మొగుడికి ఫోన్ చేస్తే, "బండి మీదున్నాను, పది రోజుల్దాకా రాలేను. ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు. ఏదో ఒకటి అంటే ఏమిటో చెప్పలేదు. యూనిఫారాలిచ్చే కొట్టాయనకి ఇంటి వెనక ఖాళీ జాగా ఉంది. ఆయన వచ్చి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఈకలూడి, తోలు కనిపిస్తూ, ఆ కోళ్ళు నిజంగానే చూడటానికి అసహ్యంగా ఉన్నాయి. "వీటికేదో తెగులమ్మా" అన్నాడు. కాదు, ఇది మామూలే అని ఎంత చెప్పినా వినలేదు. పాలు పోసే ఆమె వద్దంది. ఇస్త్రీ ఆయన వద్దన్నాడు. అడిగిన చోటల్లా లేదనిపించుకుని శనివారం దాకా లాక్కొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం అత్త నిద్రపోయాక యూనిఫారాల సంచీలు రెండు తీసుకుని డాబా ఎక్కింది. కోళ్ళు ఆమెని చూసి మేతకనుకుని పరిగెత్తుకొచ్చాయి. పట్టుకోవడానికి కష్టపడాల్సిన పనే లేకపోయింది. సంచీలోకి వెళ్ళగానే చీకటి పడిందనుకుని సద్దుమణిగాయి. మెడబోసిది మాత్రం సంచీ మూతిలోంచి తల బయటపెట్టి, దారి పొడుగునా వీధిని చూస్తూ వచ్చింది.

సందు మొగలోని కోళ్ళకొట్టాయన తూకం వేయబోయాడు. "వద్దు, ఊరికే తీసుకో. రెండు రోజులు ఆగగలవా? ఎవరైనా పెంచుకునేవాళ్ళు దొరికితే వచ్చి పట్టుకెళ్తాను" అంది.

"ఇది కొట్టమ్మా, సత్రం కాదు" అన్నాడతను. కఠినంగా ఏం అనలేదు. ఉన్నమాటే అన్నాడు.

మర్నాడు పొద్దున ఆమె కాళ్ళు ఆగక మళ్ళీ అటు వెళ్ళింది. కోళ్ళు కోసి వేసే డబ్బా పక్కన బొల్లి ఈకలు కొన్ని పడి ఉన్నాయి. ఏమీ అడక్కుండా వెనక్కి తిరిగింది.

ఎవరడిగినా, మా చుట్టాలింటికి పంపాను అని చెప్పింది. అత్తకి ఇంకోటి చెప్పింది. ఆదివారం సాయంత్రం గూటి మీద గోనెపట్టా కప్పి, "పడుకున్నాయి అత్తా, లేపకు" అంది. అత్త నమ్మింది. పొద్దున గూడు ఖాళీగా కనిపిస్తే, "మేతకి వెళ్ళాయి" అంది. అత్త అదీ నమ్మింది. నమ్మి, సాయంత్రం దాకా డాబా మీద వాటి కోసం చూసింది.

ఆ సాయంత్రం మిషనక్క కాజాలు కుడుతోంది. మిషను చప్పుడులో తలుపు చప్పుడు వినపడలేదు. తలెత్తేసరికి తలుపు బార్లా తీసి ఉంది. డాబా మీద ఎవరూ లేరు.

చెప్పులు కూడా వేసుకోలేదు. సందు, పెద్దరోడ్డు, కూరగాయల బళ్ళు, బస్సుల డిపో. ఆగి ఉన్న ప్రతి బస్సూ ఎక్కి చూసింది. కండక్టరు ఒకడు టికెట్టెక్కడికమ్మా అని అడిగాడు. "మా అత్త" అని మాత్రం అనగలిగింది. రోడ్డు దాటే ప్రతి ముసలమ్మా అత్తలాగే కనిపించింది, దగ్గరికెళ్తే ఒక్కరూ కాలేదు. మందనమ్మి నాకు మిషను కొనిపెట్టిన మనిషిని, ఆ మిషను మీద కూర్చుని నేనే పోగొట్టుకున్నాననుకుంది. వీధి దీపాలు వెలిగేవేళకి ఆమెకి నడిచే ఓపిక పోయింది. గోడకి చేరబడి పైకే ఏడ్చింది.

అప్పుడు వినిపించింది, వెనకవీధిలోంచి, కోళ్ళని పిలిచే పిలుపు. "బా, బా, బా." మైదానం ఆ చివర దాకా వినపడే గొంతు. దాని వెంటే అరిగిపోయిన ఇంకో సన్నటి గొంతు. "బా, బా."

డ్రిల్లు మాస్టారు, అత్త పక్కపక్కనే నడుస్తున్నారు. ఆయన చేతిలో బియ్యం గింజలు కూడా ఉన్నాయి. జనం ఆగి చూస్తున్నారు. ఆయన పట్టించుకోవడం లేదు.

"గేటు దగ్గర కనిపించింది. ఎక్కడికమ్మా అంటే, కోళ్ళు గూటికి రాలేదు, వెదకాలి అంది" అన్నాడు మిషనక్కని చూసి. "వెనక్కి రమ్మంటే రాలేదు. సరే, నేనూ వస్తానన్నాను. నువ్వెవరు నాయనా అని అడిగింది. చెప్పాను. మళ్ళీ అడిగింది. దారంతా అడుగుతూనే ఉంది." మిగిలిన గింజలు జేబులో పోసుకున్నాడు. "ఎంతకాలంగా ఇలా ఉందమ్మాయ్?"

ఇంటికి చేరాక మిషనక్క మెట్ల మీద కూర్చుని అంతా చెప్పేసింది. పాత ఇల్లు, స్టవ్, తాళం, కోళ్ళ మందు, అన్నీ. "ఇదంతా మాకెందుకు చెప్పలేదు?" అన్నాడాయన. "చెబితే మీరూ ఖాళీ చేయమంటారని" అంది. ఆయన వంగి బూట్ల లేసులు బిగించుకున్నాడు.

"సరే, అయిందేదో అయింది. మీ చుట్టాలుండేదెక్కడ? రేపు నేనే వెళ్ళి కోళ్ళని తెస్తాను. యజమానితో నేను మాట్లాడతాను."

"చుట్టాలెవరూ లేరు మాస్టారూ. కోళ్ళకొట్టులో ఇచ్చేశాను."

ఆయన లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

తర్వాతి రోజులు మళ్ళీ పాత రోజులే. మిషనక్క పాత తాళం తీసి లోపల్నుంచి తలుపుకి వేసింది. అత్త తలుపు బాదింది. "కోళ్ళు చీకట్లో ఉన్నాయే, తియ్యవే" అని బతిమాలింది. అన్నం ముందు పెడితే, "అవి తిన్నాయా?" అని పక్కకి నెట్టేసింది. అరచేతులు వాచాయి. మధ్య వాటావాళ్ళకి ఆ చప్పుడు సరిగ్గా నెత్తి మీదే వినిపిస్తుంది. ఎవరూ ఒక్క మాటా అనలేదు. అంటేనే బాగుండేదని మిషనక్కకి అనిపించింది. ఇది ఎన్నాళ్ళు? అత్త పోయేదాకా. అలా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఒకరోజు పొద్దున డ్రిల్లు మాస్టారు చంకలో ఒక కోడిపెట్టతో పైకి వచ్చాడు. ఎర్రటిది, కొత్త ఈకలతో నిగనిగలాడుతోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, అయినా పట్టుకున్నాడు. "ఇదిగోనమ్మా మీ కోడి, దొరికింది" అన్నాడు.

అత్త దాన్ని అందుకుంది. రెక్కల కింద చూసింది, కాళ్ళు చూసింది.

"ఇది మనది కాదు" అంది అత్త. "ఎవరిదో దారి తప్పి వచ్చింది. పాపం, ఇంటివాళ్ళు ఎంత వెదుక్కుంటున్నారో. ఇచ్చేసి రావాలి."

మాస్టారు తడబడి, "నాదేనమ్మా" అన్నాడు. "నీకు కోళ్ళెక్కడివి నాయనా? నువ్వు గుడ్డు తాగేవాడివి కదా" అని, కోడిని చంకన పెట్టుకుని అత్త మెట్లు దిగింది. వాచిన చేత్తో మధ్య వాటా తలుపు తట్టింది.

క్యాషియరు భార్య తలుపు తీసింది. ఎదురుగా ముసలమ్మ, చంకలో కోడి. వెనక మెట్ల మీద మిషనక్క. అయిపోయింది, ఇంక ఇల్లు కూడా పోయింది అనుకుంది.

"ఈ కోడి మీదేనా అమ్మా?" అంది అత్త.

ఆమె కోడిని చూసింది. ఆ వాచిన అరచేతిని చూసింది. మాస్టారు ఆమెకి ఏం చెప్పాడో, అసలు చెప్పాడో లేదో మిషనక్కకి తెలియదు. ఆమె కళ్ళు మిషనక్క మీదికి వచ్చి, మళ్ళీ అత్త మీదికి వెళ్ళాయి.

"మాదేనండీ" అంది. "పొద్దుట్నుంచి వెదుకుతున్నాం."

"కోడిని పెట్టుకున్నాక చూసుకోవద్దా మరి?" అని అత్త మందలించింది.

"మాకు చేతకావడం లేదు పెద్దమ్మా. తెలియక తెచ్చుకున్నాం. కొన్నాళ్ళు మీ గూట్లో ఉంచి చూసిపెడతారా? మీకు పుణ్యముంటుంది."

"గూడు ఖాళీ ఏం లేదు. మావి నాలుగున్నాయి" అంది అత్త. కాస్త ఆలోచించింది. "సరేలే, ఓ మూల సర్దుతాను. పిల్లలున్నదానివి."

ఇప్పుడా ఇంట్లో కోడి మీద ఫిర్యాదు చేయాలంటే క్యాషియరు భార్య తన మీద తనే చేసుకోవాలి. యజమానితో ఆమే మాట్లాడింది, మా కోడే, మాకు అభ్యంతరం లేదని. మిషనక్క వెళ్ళి చేతులు పట్టుకుంటే వెనక్కి లాక్కుంది. "నువ్వు ఒక్క మాట చెప్పుంటే, ఆ నాలుగూ ఉండేవి కదక్కా" అంది. ఓదార్పుగా అన్న మాట కాదది, నిజం. మిషనక్క ఆ మాటని తీసుకుని పైకి వచ్చింది.

సాయంత్రం అత్త ఎర్రపెట్టని గూట్లో పెట్టింది. కానీ తలుపు పూర్తిగా వేయలేదు, ఒక చెయ్యి పట్టేంత సందు వదిలింది.

"వేసేయత్తా, చీకటి పడుతోంది. ఇంటికి పోతానంటావేమో, పొద్దున్నే దీన్ని ఎవరు వదులుతారు?" అంది మిషనక్క, ఆ పాత మాట మళ్ళీ పనిచేస్తుందో లేదోనని గుండెలు చిక్కబట్టుకుని.

"పరాయి సొత్తు ఇంట్లో పెట్టుకుని నేనెక్కడికి పోతానే?" అంది అత్త, గూటి ముందు సర్దుకుని కూర్చుంటూ. "పైగా మనవి నాలుగూ రావాలి. అవి వచ్చేదాకా నేనిక్కణ్ణుంచి కదలను."

"సరే అత్తా" అంది మిషనక్క. కిందికి దిగి, తలుపుకున్న తాళం తీసి మిషను సొరుగులో పడేసింది. తలుపు తీసే ఉంచి, కుట్టడానికి కూర్చుంది.